మా ఇంటి నాగయ్య రాయి

కొత్తగూడెంలోని మా ఇంటి పెరట్లో తులసికోటకు ఆనించి ఒక నల్లటి పలకరాయి ఉండేది. పొడవు జానెడుకు కాస్త ఎక్కువ, వెడల్పు అందులో సగానికి పైన, మందం రెండు వేళ్లు. దాని ముఖం మీద పైనుంచి కిందికి, కొంచెం వంపు తిరుగుతూ, వెన్నుపూసలు పేర్చినట్టు ఒక గుర్తు. మధ్యలో సన్నని గాడి, దానికి అటూ ఇటూ చిన్న చిన్న గళ్లు. మా నాయనమ్మ దానిని నాగయ్య అనేది. శుక్రవారాలు పసుపు రాసి కుంకుమ పెట్టేది. నాగుల చవితినాడు పుట్టలో పాలు పోసి వచ్చాక చెంబులో మిగిలిన పాలు ఈ రాయి మీద పోసేది. ఆమె తరవాత అమ్మ ఆ పద్ధతి తప్పకుండా నడిపింది. నాకు ఊహ తెలిసేనాటికే రాయి అక్కడ ఉంది కాబట్టి అది ఎక్కడి నుంచి వచ్చిందని నేను ఎన్నడూ అడగలేదు. నాన్న గనిలోంచి తెచ్చారన్నంత వరకే తెలుసు. అడగవలసిన మనిషి ఎనిమిదేళ్ల కిందట వెళ్లిపోయారు.

నాన్న సింగరేణిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. దుంగ మీద బరువు పడితే వచ్చే చప్పుడును బట్టి ఎంతసేపు ఆగుతుందో చెప్పేవారట. గనిలోంచి ఇంటికి ఆయన తెచ్చిన వస్తువులు దాదాపు లేవు. ఆ రాయి ఒక్కటే.

గత ఏడాది వానాకాలం ముందు పెరడు బాగుచేయిస్తూ తులసికోటను కాస్త ఎత్తు చేయించాం. మేస్త్రీ రాయిని పక్కకు తీసి, "దీనిని కోటకే సిమెంటు పెట్టి అతికించేద్దామా అమ్మా, ఇక కదలదు" అన్నాడు. సరేననబోయాను. అప్పుడు సాయంత్రం నాలుగున్నర అయి ఉంటుంది. ఎండ ఏటవాలుగా రాయి మీద పడింది. నలభై ఏళ్లుగా చూస్తున్న గుర్తు ఒక్కసారిగా లోతు తేలింది. గళ్లలో నీడలు నిలిచాయి. అవి ఎవరో చెక్కినవి కావు, రాతి పొరలో నొక్కుకుపోయిన దేనివో అని అప్పుడు తట్టింది.

నేను ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. పద్దెనిమిదేళ్లుగా ప్రతి ఏడూ నల్లబల్ల మీద గోండ్వానా భూమి పటం గీస్తున్నాను. ఆఫ్రికా, దక్షిణ అమెరికా, అంటార్కిటికా, ఆస్ట్రేలియా, మన దేశం ఒకప్పుడు కలిసి ఉండేవని, అన్నిచోట్లా ఒకే రకం మొక్కల శిలాజాలు దొరకడం దానికి సాక్ష్యమని పిల్లలకు చెబుతున్నాను. ఆ పేరు మన గోండుల నేల మీదుగా వచ్చిందని చెప్పినప్పుడు పిల్లల ముఖాలు వెలుగుతాయి. అటువంటి పాఠం చెప్పే నేను, ఆ పాఠం నా పెరట్లో పసుపు పూసుకుని ఉందని గమనించలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసుకు కష్టంగా ఉంటుంది.

ఆ రాత్రే ఒక పెద్ద పొరపాటు చేశాను. గుర్తు స్పష్టంగా కనిపించాలని రాయిని బకెట్ నీళ్లలో పెట్టి, బట్టల సబ్బుతో మెత్తని బ్రష్షుతో రుద్దబోయాను. పది నిమిషాలు గడవకముందే నీళ్లలో చిటపటమని చిన్న శబ్దాలు వచ్చాయి. కింది మూల ఉల్లిపొరల్లా విచ్చుకుని బొటనవేలంత ముక్క రాలిపోయింది. ఎన్నో వానలకు తట్టుకున్న రాయి కదా అనుకున్నాను. నిజానికి కోట పైన రేకు ఉండటం వల్ల వాన దాని మీద నేరుగా పడేది కాదు. బొగ్గు పొరల మధ్య దొరికే ఈ నల్ల పలకరాయిని షేల్ అంటారు. అది గట్టిపడిన బురద. అందులోని బంకమన్ను నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది, ఆరేటప్పుడు ముడుచుకుంటుంది, ఆ లాగులాటలో పొరలు ఊడిపోతాయి. ఇటువంటి రాయి ఎవరి దగ్గరైనా ఉంటే దయచేసి నీళ్లలో ముంచకండి. నాకు ఈ మాట ముందు చెప్పేవారు లేకపోయారు.

రాలిన ప్రతి ముక్కనూ ఏరి, దూది పరిచిన మిఠాయి డబ్బాలో పెట్టాను. రాయిని ఎండలో పెట్టకుండా, ఫ్యాను కిందా పెట్టకుండా, గదిలో ఒక మూల పాత పత్రికల మీద నాలుగు రోజులు నెమ్మదిగా ఆరనిచ్చాను. ఆ నాలుగు రోజులూ అమ్మ నాతో సరిగా మాట్లాడలేదు.

ఇది ఏమిటో తేల్చే పని అప్పుడు మొదలైంది. అడిగినవారందరూ ఒక్కో మాట చెప్పారు. ఎదురింటి పెద్దాయన నాగుపాము వెన్నెముకే అన్నారు. మా అబ్బాయి హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో కోటాసారస్ అస్థిపంజరం చూసి వచ్చినవాడు. ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్ అది. కాబట్టి మనదీ డైనోసార్ పిల్ల తోక అని వాడి పట్టు. ఫోనులో ఫొటో పెట్టి వెతికితే ఒకసారి చేప ముల్లు అని, మరోసారి సముద్రపు పురుగు అని వచ్చింది. పాము శిలాజమైతే మంచి ధర వస్తుందని, అమ్మిపెడతానని ఒకాయన ఫోను కూడా చేశారు. ఆ సంభాషణను అక్కడితోనే ఆపేశాను.

చివరికి నా స్నేహితురాలి ద్వారా, హైదరాబాద్‌లో భూగర్భశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్న ఒక మాస్టారు దొరికారు. ఆయన మొదట రాయిని తీసుకురావద్దన్నారు. ఫొటోలు పంపమన్నారు, అదీ ఒక పద్ధతిలో. గదిలో దీపాలన్నీ ఆర్పి, ఒక టార్చి లైటును రాయికి ఎడమ వైపు దాదాపు నేలకు ఆనించినంత కిందుగా పెట్టి ఒకటి. అదే కుడి నుంచి ఒకటి. పై అంచు, కింది అంచు, పక్క అంచులు విడివిడిగా. ప్రతి ఫొటోలో స్కేలు కనిపించాలి. నేను ముందు పంపిన ఫొటోలు పట్టపగలు తీసినవి. వాటిలో నల్ల రాయి మీద నల్ల గుర్తు తప్ప ఏమీ తెలియడం లేదన్నారు. టార్చితో తీసినవి చూసి పది నిమిషాల్లో ఫోను చేశారు.

"అమ్మా, ఎడమ అంచు దగ్గర కుంకుమ గట్టిగా పేరుకుని ఉంది కదా, దాని కింద ఏముంది?"

నాకు తెలియదన్నాను. దాన్ని తీసి చూడమన్నారు. నీళ్లు వద్దు. ముందు మెత్తని రంగుల కుంచె, తరవాత వెదురు పుల్ల చివర. పసుపు మరకకు నీరు పనిచేయదని, దాని రంగు సారాయిలో కరుగుతుందని, మందుల దుకాణంలో దొరికే సర్జికల్ స్పిరిట్‌లో దూది పుల్ల ముంచి, పిండి, తడిగా కాకుండా చెమ్మగా ఉన్నప్పుడు అద్దమన్నారు. రుద్దకూడదు, అద్ది తీయాలి. ప్రతి అద్దుకూ కొత్త దూది.

బడి నుంచి వచ్చాక రోజూ గంటసేపు, పదకొండు రోజులు పట్టింది. పొర కింద పొర. పైన కొత్త కుంకుమ చిక్కటి ఎరుపు, దాని కింద పాతది ఇటుక రంగు, ఆ కింద నూనె ఇంకిన పసుపు. ఎక్కడో ఆ అడుగు పొర నాయనమ్మ వేళ్లతో రాసినదే అయి ఉంటుంది. ఆ భాగం దగ్గర నా చేయి చాలాసార్లు ఆగింది. పదకొండో రోజు సాయంత్రం ఎడమ అంచు బయటపడింది. మధ్య కాడ నుంచి ఒక పాయ చీలి, చూపుడు వేలంత పొడవున పక్కకు వెళ్లి, రాయి అంచులో ఆగిపోయింది. ఆ పాయలో కూడా అవే గళ్లు, ఇంకా సన్నగా.

మాస్టారికి ఫొటో పంపాను. ఆయన అడిగింది ఒక్కటే ప్రశ్న. "వెన్నెముకకు కొమ్మ ఉంటుందా తల్లీ?"

ఆ తరవాత రాయిని పాత దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని బస్సులో హైదరాబాద్ తీసుకెళ్లాను. ఆయన పది రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దంతో దాదాపు గంటసేపు చూశారు, నాకూ చూపించారు. వెన్నుపూసలైతే ఒకదాని తరవాత ఒకటి దాదాపు ఒకే కొలతలో ఉంటాయి, రెండు పక్కలా సరిగ్గా ఎదురెదురుగా ఉంటాయి. ఇక్కడి గళ్లు ఒకటి గోరంత, ఒకటి వేలి కణుపంత. కుడి వైపు గీత ఒకచోట, ఎడమ వైపు గీత ఇంకోచోట. ఎముకకు ఉండే సన్నని నురుగులాంటి అల్లిక ఎక్కడా లేదు. గుర్తు మీద ఉన్నది కాగితం కంటే పలచని బొగ్గు పొర. అంటే ఒకప్పుడు అది మొక్క.

దాని పేరు వెర్టెబ్రేరియా. వెన్నుపూస అనే మాట నుంచే ఆ పేరు. 1830లలో, సహారన్‌పూర్ తోటను చూసుకున్న వృక్షశాస్త్రవేత్త జాన్ ఫోర్బ్స్ రాయిల్ మన దేశపు బొగ్గు పొరల్లో దొరికిన నమూనాలకు ఈ పేరు పెట్టారు. మా నాయనమ్మకు కనిపించినదే ఆయనకూ కనిపించింది. ఈ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం మాటల్లో పెట్టలేను. చదువులేని మా నాయనమ్మ కన్ను తప్పు చూడలేదు.

అది గ్లాసోప్టెరిస్ అనే చెట్టు వేరు. అదే నేను ప్రతి ఏడూ పాఠంలో చెప్పే పేరు. గ్లాసోప్టెరిస్ అనే పేరును ఫ్రెంచ్ వృక్షశాస్త్రవేత్త బ్రోన్యార్ 1828లో ఆకుకు పెట్టారు; అందులోని గ్లాసా అనే మాటకు గ్రీకులో నాలుక అని అర్థం, ఆకు నాలుకలా ఉంటుంది కాబట్టి. మనవాళ్లకైతే మామిడాకు అంటే వెంటనే అర్థమవుతుంది: అదే పోలిక, మధ్య ఈనె స్పష్టంగా, దాని నుంచి అంచులకు వెళ్లే ఈనెలు మాత్రం వలలా అల్లుకుని ఉంటాయి. శిలాజాల్లో ఆకు ఒకచోట, వేరు ఒకచోట, మాను ఒకచోట, విత్తనం ఇంకోచోట దొరుకుతాయి. చెట్టంతా కలిసి దొరకదు. అందుకని ఒకే చెట్టు భాగాలకు వేరు వేరు పేర్లు పడ్డాయి. వెర్టెబ్రేరియాను మొదట్లో భూమిలో పాకే కాండం అనుకున్నవారూ ఉన్నారు. అంటార్కిటికాలో, ఆస్ట్రేలియాలో లోపలి కణజాలంతో సహా రాయిగా మారిన నమూనాలు దొరికి, వాటిని కోసి చూశాక వేరు అన్న సంగతి గట్టిగా నిలబడింది.

మరి వేరులో ఈ గళ్లు ఎందుకు? మాస్టారు వంటింట్లోంచి తామర తూడు ముక్క తెప్పించి అడ్డంగా కోసి చూపించారు. చుట్టూ గుండ్రటి గాలి గదులు. గ్లాసోప్టెరిస్ చెట్లు పెరిగింది నీరు నిలిచే బురద నేలల్లో. అటువంటి నేలలో వేరుకు ఊపిరి అందదు. కోరింగ మడ అడవిలో చెట్లు వేళ్లను బురదలోంచి పైకి పొడుచుకుని గాలి పీలుస్తాయి. ఈ చెట్టు తన వేరు లోపలే గదులు కట్టుకుంది. మధ్యలో సన్నని దారువు, దాని నుంచి చక్రపు ఆకుల్లా బయటికి వెళ్లే గోడలు, ఆ గోడల మధ్య ఖాళీలు, ఖాళీలను అక్కడక్కడా అడ్డంగా కలిపే పలకలు. ఆ వేరు మీద బురద పేరుకుని, బరువుకు అణిగి చదునైపోయినప్పుడు, గోడ ఉన్నచోట గీత, ఖాళీ ఉన్నచోట గడి మిగిలాయి. మా నాగయ్య పడగ కింద పూసలన్నీ ఊపిరి గదులు.

మిఠాయి డబ్బాలోని ముక్కలు కూడా తీసుకెళ్లాను, సిగ్గుపడుతూనే. అందులో ఒక పొర చీలిన ముఖం మీద, వేలిగోరు వెడల్పున, వలలాంటి ఈనెలున్న ఆకు ముక్క ఉంది. మాస్టారు దాన్ని చాలాసేపు చూసి గ్లాసోప్టెరిస్ ఆకే అన్నారు. "పక్కన ఉన్నంత మాత్రాన అదే చెట్టుదని రుజువు కాదు. కానీ అదే అడవిది" అన్నారు. నేను నీళ్లలో పెట్టిన తప్పుకు ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఆ ముక్కకు వేరే చీటీ రాసి ఇచ్చారు.

వయసు సంగతి. గ్లాసోప్టెరిస్ చెట్లు పెర్మియన్ కాలానివి, అంటే దాదాపు 30 కోట్ల ఏళ్ల కిందటి నుంచి 25 కోట్ల ఏళ్ల కిందటి వరకు. ఆ కాలం చివర జరిగిన మహావినాశనంలో అవి నశించాయి. అప్పటికి డైనోసార్లు ఇంకా పుట్టలేదు. మా అబ్బాయికి ఈ విషయం చెప్పాక తోక గొడవ ఆగింది. గోదావరి లోయ బొగ్గు చాలావరకు ఆ అడవులదే. ఇల్లందు దగ్గర 1871లో విలియం కింగ్ గుర్తించిన బొగ్గు, నాన్న ముప్పై ఏళ్లకు పైగా కింద నిలబడి కాపాడిన కప్పు, మా ఇంటి పొయ్యి, నా చదువు, అన్నీ ఆ చెట్ల నుంచి వచ్చినవే. నాన్న దుంగలు పాతింది ఒక పాత అడవి లోపల.

అక్కడితో పని అయిపోయిందనుకున్నాను. మాస్టారు మాత్రం కాగితం, కలం తీసి, "ఇప్పుడు చెప్పు, ఇది ఎక్కడిది?" అన్నారు. గనిది అన్నాను. ఏ గని? ఏ సీము, అంటే ఏ బొగ్గు పొర? సీముకు పైనున్న రాయా, కిందిదా? నా దగ్గర జవాబు లేదు. ఆయన కలం కింద పెట్టేశారు. "పేరు ఎవరైనా ఎప్పుడైనా పెట్టవచ్చు. రేపు నాకంటే బాగా తెలిసినవాళ్లు వచ్చి ఈ పేరు మార్చవచ్చు కూడా. చోటు మాత్రం ఒక్కసారి పోతే మళ్లీ ఎవరూ చెప్పలేరు" అన్నారు.

దక్షిణ ధ్రువ యాత్రకు వెళ్లిన స్కాట్ బృందం సంగతి ఆయన అప్పుడే చెప్పారు. 1912 ఫిబ్రవరిలో దక్షిణ ధ్రువం నుంచి తిరిగి వస్తూ, ఆకలితో, చలితో కుంగిపోతూ కూడా వాళ్లు బియర్డ్‌మోర్ హిమానీనదం పక్కన ఆగి రాళ్లు ఏరారు. సుమారు 16 కిలోలు. చివరి దాకా వాటిని బండి మీద లాగారు. ఆ నవంబరులో వెతుకుతూ వెళ్లినవారికి మృతదేహాలతో పాటు ఆ రాళ్లూ దొరికాయి. వాటిలోని ఆకులు గ్లాసోప్టెరిస్‌వని 1914లో వృక్షశాస్త్రవేత్త సెవార్డ్ ప్రకటించారు. ఆ రాళ్లకు అంత విలువ రావడానికి కారణం, ఆ బృందంలోని విల్సన్ ఆ స్థితిలోనూ ఎక్కడ ఏం ఏరారో తన డైరీలో రాసుకోవడమేనని మాస్టారు అన్నారు. నాకు గొంతు పట్టుకుంది. మా రాయికి ఒక్క వాక్యం కూడా లేదు.

తిరిగివచ్చిన ఆదివారం నాన్నతో పాటు పనిచేసిన బాబాయి ఇంటికి వెళ్లాను. రక్తసంబంధం లేదు, చిన్నప్పటి నుంచి బాబాయి అనే పిలుస్తాం. ఎనభైకి దగ్గరపడ్డారు, దగ్గు ఉంది, జ్ఞాపకం మాత్రం చెక్కుచెదరలేదు. రాయిని ఆయన ముందు పెట్టి, టార్చి పక్కనుంచి వేశాను. చూడగానే చేయి పెట్టి తడిమారు.

"ఇది మీ నాన్న పట్టాల దగ్గర తీసింది కదమ్మా! నేను పక్కనే ఉన్నాను."

అది కింగ్ సీము. బొగ్గు మోసే టబ్బులు నడిచే దారిలో ఎత్తు చాలక, కింద నేలను తవ్వి లోతు చేస్తున్నారట. గడ్డపారకు పలకలు పలకలుగా లేస్తుంటే ఒక పలక మీద ఈ గుర్తు కనిపించింది. అందరూ పాము అని వెనక్కి తగ్గారు. నాన్న మాత్రం తట్టలో వెయ్యనివ్వలేదు. షిఫ్టు అయ్యేదాకా పక్కన గూట్లో పెట్టి, అన్నం గిన్నె సంచిలో ఇంటికి తెచ్చుకున్నారు. కప్పులో ఆకుల అచ్చులు చాలా ఉండేవని, క్యాప్ ల్యాంపు వెలుగులో చూస్తే తల మీద ఎండిన ఆకులు పరిచినట్టు ఉండేదని, వాటిని ఎవరూ పట్టించుకునేవారు కారని బాబాయి చెప్పారు.

బాబాయికి తెలియకుండానే ఆయన మాస్టారి ప్రశ్నకు పూర్తి జవాబు ఇచ్చారు. కప్పులో ఆకులు, నేలలో వేళ్లు. బొగ్గు పొర కింది బురద ఆ అడవి నిలబడిన నేల అయి ఉండే అవకాశం ఉంది. అయితే మాస్టారు ఇక్కడ కూడా తొందరపడలేదు. వేరు పొరలను చీల్చుకుంటూ కిందికి దిగి ఉంటే అక్కడే పెరిగిందని ధైర్యంగా అనవచ్చు. మనది పొర వెంట అడ్డంగా పడుకుని ఉంది. ఈ చెట్ల వేళ్లు పైపైనే పక్కలకు పాకేవి కాబట్టి అలా పెరిగి ఉండవచ్చు, వరదలో కొట్టుకువచ్చి పడి ఉండనూ వచ్చు. చీటీలో "సీము కింది పొర నుంచి" అని మాత్రమే రాయమన్నారు, "అక్కడే పెరిగినది" అని రాయవద్దన్నారు. ఈ జాగ్రత్త నాకు చాలా నచ్చింది. నా పాఠాల్లో కూడా ఈ తేడా పాటించాలని అనుకున్నాను.

ఇక రాయిని నిలబెట్టడం. వెనక ఒక మూల తెల్లటి పిండి రాలుతూ, అగ్గిపుల్ల గీసినప్పటి వాసన వస్తుండేది. పాల మరక అనుకున్నాను. భూతద్దంలో అక్కడ బంగారు చుక్కలు కనిపించాయి. అది పైరైట్ అనే, ఇనుమూ గంధకమూ కలిసిన ఖనిజం. బొగ్గు పొరల రాళ్లలో మామూలే. గాలిలో తేమ ఎక్కువైతే అది మెల్లగా విరిగి ఆమ్లం పుట్టిస్తుంది, ఆ ఆమ్లం రాయిని లోపలి నుంచి తినేస్తుంది. కాబట్టి దీనికి తేమ పనికిరాదు. మరీ ఎండిపోయినా షేల్ పగులుతుంది. తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉంచమన్నారు. చిన్న తేమ కొలిచే మీటరు కొని చూస్తే మా హాల్లో వానాకాలం 80 దాటుతోంది. అందుకే మూత గట్టిగా పడే అక్రిలిక్ పెట్టె చేయించి, అడుగున కనిపించకుండా సిలికా జెల్ పొట్లాలు పెట్టాను. రంగు మారినప్పుడు తీసి వేడిచేసి మళ్లీ పెడుతున్నాను. టేకు పెట్టె చేయిస్తానని మా ఆయన అన్నారు కానీ, మూసిన పెట్టెలో కలప నుంచి వచ్చే ఆమ్లపు ఆవిర్లు ఇటువంటి రాళ్లకు మంచివి కావట.

విడిపోతున్న అంచులకు వార్నిష్ వేద్దామని చాలామంది సలహా ఇచ్చారు. నిగనిగలాడుతుంది, నిజమే, కానీ కొన్నేళ్లకు పచ్చబడి పెచ్చులుగా లేస్తుంది, రాతి ముఖాన్ని కూడా వెంట లాక్కుపోతుంది. మ్యూజియంలలో పారలాయిడ్ బి-72 అనే గుళికలను ఎసిటోన్‌లో కరిగించి వాడతారు. దాని గొప్ప గుణం, కావాలంటే మళ్లీ ఎసిటోన్‌తోనే కరిగించి తీసేయవచ్చు. వంద మిల్లీలీటర్లకు ఐదు గ్రాములు, నీళ్లంత పలచగా. కిటికీలన్నీ తెరిచి, పొయ్యి ఆర్పి, సన్నని కుంచెతో అంచులకు మాత్రమే పట్టించాను. పొరల సందుల్లోకి అది దానంతట అదే ఇంకింది. గుర్తు ఉన్న ముఖానికి ఏదీ తాకనివ్వలేదు. రాలిన ముక్కల్లో రెండింటిని అదే ద్రావణం చిక్కగా కలిపి అతికించాను. ఆకున్న ముక్కను అతికించలేదు. అది విడిగా, పక్కనే ఉంది.

వెనక వైపు పసుపును పూర్తిగా తీయలేదు. తీయనా అని అడిగితే మాస్టారు వద్దన్నారు. మ్యూజియంకు ఇచ్చినా అది అలాగే ఉండాలి, రాయితో పాటు అదీ చరిత్రే అన్నారు.

అమ్మకు చెప్పడం అన్నిటికంటే కష్టమవుతుందనుకున్నాను. వెన్నెముక కాదు, వేరు అని, కొమ్మ చూపించి, తామర తూడు కోసి, అన్నీ వరసగా చెప్పాను. ఆమె రాయిని ఒళ్లో పెట్టుకుని పాయ మీద వేలు పెట్టి నడిపించింది. "చెట్టు వేరుకు ఇన్నాళ్లూ పాలు పోశామా! నీళ్లు పోయాల్సింది కదే" అంది. నీళ్లు అసలు పనికిరావని మళ్లీ చెప్పవలసి వచ్చింది. పెట్టె పూజగదిలో ఉండాలని ఆమె కోరిక. దీపం పొగ, కర్పూరం, అగరుబత్తి వల్ల మసి పడుతుందని, హాల్లో తూర్పు గోడకు పెడదామని ఒప్పించాను. పెరట్లో తులసికోట పక్కన ఖాళీ అయిన చోట ఆమె ఒక కొత్త రాయిని తెచ్చి పెట్టుకుంది.

హాల్లో మొదటి వారం ఎవరు వచ్చినా పెట్టెలోకి తొంగిచూసి, "ఏముంది, నల్ల రాయి" అనేవారు. పైనున్న ట్యూబులైటు గుర్తును మింగేస్తోంది. రాయిని మెత్తని ఫోములో గూడు కోసి కొద్దిగా వెనక్కి వాల్చాను. ఎడమ వైపు, రాయి ముఖానికి దాదాపు సమాంతరంగా, చిన్న ఎల్‌ఈడీ పట్టీ పెట్టించాను. వేడి తగలకుండా అది పెట్టె బయట ఉంటుంది. ఆ దీపం వేయగానే ప్రతి గడిలో నీడ నిలుస్తుంది, పాయ చీలిన చోటు కనిపిస్తుంది. పెరట్లో ఆ సాయంత్రపు ఎండ చూపించినది ఇప్పుడు మీట నొక్కితే కనిపిస్తోంది. మా బడి పిల్లలను నలుగురైదుగురి చొప్పున పిలిచి చూపిస్తున్నాను. గోండ్వానా పటం గీసే రోజున ఆకున్న ముక్కను భూతద్దంతో తరగతికి తీసుకెళ్లాను. ఇలాంటివి చూసి ఎవరైనా శిలాజ ఉద్యానాల నుంచి, తవ్వకాల నుంచి రాళ్లు ఏరడానికి బయలుదేరకూడదని కూడా వాళ్లకు చెప్పాను. కనిపిస్తే ఫొటో తీసి, చోటు రాసుకుని, పెద్దవాళ్లకు చెప్పాలి.

మిగిలింది చీటీ. పేరు మాస్టారు ఇచ్చారు, చోటు బాబాయి ఇచ్చారు. ఎప్పుడు దొరికిందన్నది బాబాయికి గుర్తు లేదు, ఎనభైల్లో అన్నారు. అలాగే రాయబోతుంటే వంటింట్లోంచి అమ్మ వచ్చింది. "ఎనభైల్లో ఏమిటి? చెల్లి నా కడుపులో ఉంది. గోదావరి పెద్ద వరద వచ్చిన ఏడు. భద్రాచలం మునిగిందని రేడియోలో చెబుతుంటే మీ నాన్న సంచిలోంచి ఇది తీసి పీట మీద పెట్టారు. నేను భయపడి వెనక్కి జరిగితే మీ నాయనమ్మ దండం పెట్టింది."

భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు చేరింది 1986 ఆగస్టులో. చెల్లి పుట్టినది ఆ నవంబరులో.

చీటీ ఇలా రాశాను. వెర్టెబ్రేరియా, గ్లాసోప్టెరిస్ చెట్టు వేరు. పెర్మియన్ కాలం. కొత్తగూడెం, భూగర్భ గని, కింగ్ సీము కింది పొర నుంచి. 1986 ఆగస్టు. చివర నాన్న పేరు. అచ్చు తీయించి పెట్టెలో పెట్టబోతే అమ్మ చదవమంది. చదివాను. పేరు దగ్గర ఆపి, "ఆయన ఏం పని చేసేవారో రాయలేదే" అంది. రెండోసారి అచ్చు తీయించాను, పేరు పక్కన టింబర్‌మన్ అని చేర్చి.